సంక్రాంతికి దాచుకున్న ఐదు లీవులూ డిసెంబర్ షట్‌డౌన్‌లో కోసేశారు, ఇలా చేయొచ్చా?

గోదారోడు_92
భీమవరం పక్కన పల్లెటూరు మాది. ఉద్యోగం హైదరాబాద్‌లో, ఐటీ. ఏడాదికి 15 ఈఎల్‌లు, అంటే జీతంతో ఇచ్చే ఎర్న్‌డ్ లీవులు. ఈ ఏడాదంతా పిసినారిలా వాడుకున్నా. చెల్లి సీమంతానికి కూడా శనాదివారాల్లోనే వెళ్ళొచ్చా. అలా ఐదు మిగిల్చా, పెద్ద పండక్కి.

నిన్న మెయిల్ వచ్చింది. డిసెంబర్ 24 నుంచి జనవరి 1 దాకా ఆఫీసు మూసేస్తారట. రెండు పండగ సెలవులూ, శనాదివారాలూ పోగా మిగిలిన ఐదు పనిరోజులూ మా ఈఎల్‌లోంచి ఆటోమేటిక్‌గా తీసుకుంటారట. పోర్టల్‌లో చూస్తే బ్యాలెన్స్ అప్పుడే సున్నా. కొత్త ఏడాది లీవులు నెలకి ఒకటింబావు చొప్పున పడతాయి కాబట్టి జనవరిలో నా చేతిలో ఉండేది ఆ ఒకటింబావే. నాకు కావాల్సింది 13, 14, 16. పదిహేను ఎలాగూ హాలిడే.

నరసాపూర్ ఎక్స్‌ప్రెస్‌కి 60 రోజుల ముందు పొద్దున్నే 8 గంటలకి ఫోన్ పట్టుకుని కూర్చుని టికెట్ కొట్టా. రెండు నిమిషాలు ఆలస్యమైతే వెయిటింగ్ లిస్టు, మీకు తెలిసిందే.

మేనేజర్‌ని అడిగితే, "తొమ్మిది రోజులు ఖాళీ ఇస్తున్నాం కదా, అప్పుడు వెళ్ళిరా ఊరికి" అన్నాడు. డిసెంబర్ 24న మా ఊళ్ళో ఏముంటుంది? కోడి కూడా ట్రైనింగ్‌లోనే ఉంటుంది.

నా లీవు ఎప్పుడు వాడాలో వాళ్ళే చెప్తే అది నా లీవు ఎలా అవుతుంది?

బెంచ్_మీద_బాబు
కోడి ట్రైనింగ్‌లో 😂 ఇవాళ్టికి ఇది చాలు నాకు.

కూకట్‌పల్లి_కుర్రోడు
మా కంపెనీలో మూడేళ్ళుగా ఇదే తంతు. మొదటి ఏడాది "క్లయింట్ సెలవులో ఉంటాడు, మీకు పని ఉండదు" అన్నారు. పని లేనిది వాళ్ళకి, లీవు కట్ అయ్యేది మాకు. హోటల్లో గ్యాస్ అయిపోయిందని మూసేసి సర్వర్‌కి లీవు రాసినట్టు.

మానవవనరు
హెచ్‌ఆర్‌లో 11 ఏళ్ళుగా ఉన్నా, తిట్టేముందు ఒకసారి వినండి. ఇది క్లయింట్ సంగతి మాత్రమే కాదు. మీరు వాడని ప్రతి ఈఎల్ కంపెనీ పుస్తకాల్లో అప్పు కింద ఉంటుంది. ఏడాది చివర ఎంతమందికి ఎన్ని లీవులు మిగిలాయో లెక్కగట్టి, దానికి తగ్గ డబ్బు ప్రొవిజన్ కింద చూపించాలి. ఐదు వేల మంది ఉన్న చోట మనిషికి ఐదు రోజులు తగ్గితే ఆ అంకె ఎంత దిగుతుందో చూసుకోండి. షట్‌డౌన్ పెట్టడానికి అదీ ఒక కారణం. నేనేమీ సమర్థించడం లేదు, ఎందుకు జరుగుతుందో చెప్తున్నా.

కూకట్‌పల్లి_కుర్రోడు
@మానవవనరు మెయిల్‌లో మాత్రం "మీ కుటుంబంతో విలువైన సమయం గడపండి" అని రాస్తారు, పైన క్రిస్మస్ చెట్టు బొమ్మ.

మానవవనరు
ఆ మెయిల్ రాసేది నేనే. చెట్టు బొమ్మ కూడా నేనే పెడతా.

ఫైళ్ళమూర్తి
లేబర్ లా పనిలో చాలాకాలం ఉన్నాను కాబట్టి చెప్తున్నా, ఓపిగ్గా చదవండి. తెలంగాణలో ఐటీ ఆఫీసు అయినా, బట్టల కొట్టయినా షాపులు, ఎస్టాబ్లిష్‌మెంట్ల చట్టం 1988 కిందికే వస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో చేసిన చట్టం, రెండు చోట్లా అదే నడుస్తోంది. పని వేళల సెక్షన్లూ, ఆడవాళ్ళ నైట్ షిఫ్టుల సెక్షనూ ఐటీకి మినహాయించారు గానీ లీవుల సెక్షన్ 30 మినహాయించలేదు. అందులో ఉన్నది ఇది: 12 నెలల్లో 240 రోజులు పనిచేస్తే 15 రోజులు జీతంతో లీవు, అది 60 రోజుల దాకా పోగేసుకోవచ్చు. ఇవి కాక క్యాజువల్ 12, సిక్ 12.

ఇక నీ ప్రశ్న. "ఏ తేదీల్లో వాడుకోవాలో ఉద్యోగి ఇష్టం" అని అందులో లేదు. "యజమాని ఇష్టం" అనీ లేదు. ఆ ఖాళీలోనే మీ కంపెనీ పాలసీ కుర్చీ వేసుకుని కూర్చుంది.

గోదారోడు_92
@ఫైళ్ళమూర్తి 60 రోజులా?? మా పాలసీలో క్యారీ ఫార్వర్డ్ 10 మాత్రమే. మిగతావి డిసెంబర్ 31 రాత్రి పన్నెండింటికి మాయం.

ఫైళ్ళమూర్తి
అదే అడగాల్సిన ప్రశ్న. పాలసీ చట్టం కన్నా ఎక్కువ ఇవ్వొచ్చు, తక్కువ ఇవ్వకూడదు. @మానవవనరు గారు ఏమంటారు?

మానవవనరు
నాకు మీటింగ్ ఉంది 🏃‍♀️

బెంచ్_మీద_బాబు
వెళ్ళిపోయారు. లీవు అప్రూవ్ చేయాల్సినప్పుడు కూడా ఇదే స్పీడు.

బట్టలకొట్టు
అందరూ కంపెనీనే తిడుతున్నారు. కాకినాడలో మాది బట్టల షాపు, తొమ్మిది మంది పనిచేస్తారు. జనవరి 1 నుంచి భోగి ముందు రోజు దాకా మాకు ఏడాది మొత్తంలో పీక్ టైం. ఆ రెండు వారాల అమ్మకం మీద వేసవంతా అద్దె కట్టాలి. ఆ సమయంలో తొమ్మిది మందిలో ఏడుగురికి లీవు కావాలి. ఒకడి బామ్మ మూడేళ్ళలో మూడుసార్లు పోయింది. ఏం చేయమంటారు?

గోదారోడు_92
@బట్టలకొట్టు మీరు ఇవ్వలేకపోతే ఇవ్వలేనని చెప్తారు. లీవు మిగులుతుంది, మనిషి ఉగాదికి వెళ్తాడు. మా వాళ్ళు లీవు ఇవ్వకపోవడమే కాదు, ఆ లీవునే వాడేశారు. రెంటికీ తేడా లేదా అన్నా?

బట్టలకొట్టు
అది ఒప్పుకుంటా. మా దగ్గర పద్ధతి ఏంటంటే, సంక్రాంతికి వెళ్ళినవాడు దసరాకి ఉండాలి, దసరాకి వెళ్ళినవాడు సంక్రాంతికి ఉండాలి. గొడవ వస్తే చీటీలు. భోగి మధ్యాహ్నం షాపు మూసేసి ముక్కనుమ దాటాకే తెరుస్తాం, ఆ రోజులు ఎవరి లీవులోంచీ కోయను. నేను మూసుకున్న షాపు కదా.

కూకట్‌పల్లి_కుర్రోడు
ఈ అన్నకి మా కంపెనీలో సీఈఓ పోస్టు ఇవ్వండి.

నైట్‌షిఫ్ట్_సిస్టర్
మీకు కనీసం ముందు మెయిల్ వస్తుంది. ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని నేను. మా దగ్గర లీవు లేదనరు, "నీ బదులు డ్యూటీ చేసేవాళ్ళని నువ్వే చూసుకుని వెళ్ళు" అంటారు. అంటే నా సెలవుకి మనిషిని వెతికే పని కూడా నాదే. వెతికి, బతిమాలి, ఆమె రెండు నైట్లు చేస్తే తర్వాత నేను ఆమెకి రెండు నైట్లు చేయాలి. చివరికి నేను తీసుకున్నది లీవు కాదు, డ్యూటీ మార్పిడి. లీవు లెక్కలో మాత్రం రెండు రోజులు తగ్గుతాయి. మొదటి ఏడాది ఇది నాకు అర్థం కూడా కాలేదు.

గోదారోడు_92
@నైట్‌షిఫ్ట్_సిస్టర్ అక్కా, ఇది నాదానికన్నా అన్యాయం.

నైట్‌షిఫ్ట్_సిస్టర్
పోటీ పెట్టుకుందామా ఏంటి 🙂

190_మస్టర్లు
బొగ్గు గనిలో భూగర్భంలో పనిచేస్తా. 2025 నవంబర్ దాకా మాకు మైన్స్ యాక్ట్ ఉండేది. కింద దిగి పనిచేసేవాళ్ళకి ప్రతి 15 రోజుల పనికి ఒక లీవు, పైన ఉపరితలంలో ఉన్నవాళ్ళకి 20 రోజులకి ఒకటి. అది దక్కాలంటే ఏడాదిలో కింద వాళ్ళకి 190 మస్టర్లు, అంటే హాజరీలు, నిండాల్సి ఉండేది, పైవాళ్ళకి 240. నా పేరు అందుకే. ఏడాది చివర్లో మా దగ్గర ఎవడైనా ఎదురైతే "బాగున్నావా" అని అడగడు, "మస్టర్లు ఎన్ని అయినయ్" అంటడు.

నేను చూసిందేంటంటే, మీకు లీవులు ఉన్నాయిగానీ యూనియన్ లేదు. మా దగ్గర పండగ లీవుల మీద పేచీ వస్తే ఫిట్ సెక్రటరీ, అంటే గని దగ్గరి యూనియన్ నాయకుడు, పోయి మేనేజర్ ముందు కూర్చుంటడు. మీరు ఇక్కడ కూర్చుని టైప్ చేస్తున్నరు.

బెంచ్_మీద_బాబు
@190_మస్టర్లు అన్నా, సూటిగా గుండెల్లో గుచ్చావు.

బ్యాంకు_మామ
మా కష్టం మీకు పూర్తిగా తిరగబడి ఉంటుంది. లీవు ఇవ్వరని కాదు, వద్దన్నా ఇస్తారు. ట్రెజరీ లాంటి సెన్సిటివ్ సీట్లలో ఉన్నవాళ్ళు ఏడాదికోసారి ఏకబిగిన కనీసం 10 పనిరోజులు సెలవులో ఉండాలని రిజర్వు బ్యాంకు నియమం. అదీ ముందు చెప్పకుండా. ఉన్నట్టుండి "రేపటి నుంచి రాకు" అంటారు. ఆ పది రోజులూ ఇంటి నుంచి కూడా పని ముట్టుకోకూడదు, ఆఫీసు మెయిల్ తప్ప. మనిషి సీట్లో లేనప్పుడే వాడు దాచిన లెక్కలు బయటపడతాయని.

పెళ్ళయిన కొత్తలో నాకు అది ఆషాఢంలో పడింది. భార్య పుట్టింట్లో, నేను అత్తారింటి గడప తొక్కకూడదు. పది రోజులు మా నాన్నతో కలిసి పాత సీరియళ్ళు చూశా.

కూకట్‌పల్లి_కుర్రోడు
😂😂 ఆర్‌బీఐ వాళ్ళకి పంచాంగం పంపాలి.

టీచరమ్మ
నేను రాస్తే అందరూ "మీకు సెలవులే సెలవులు" అంటారని తెలిసే రాస్తున్నా.

ఉండబట్టలేక_ఉమ
మీకు సెలవులే సెలవులు టీచర్ గారూ.

టీచరమ్మ
వచ్చేసింది. వినండి. ఆఫీసుల్లో పనిచేసే మిగతా ప్రభుత్వ ఉద్యోగులకి ఏడాదికి 30 ఈఎల్‌లు, జనవరిలో 15, జూలైలో 15. 300 దాకా దాచుకోవచ్చు, రిటైరైనప్పుడు డబ్బు చేసుకోవచ్చు. మాకు వేసవి సెలవులు ఉన్నాయి కాబట్టి ఈఎల్‌లు ఏడాదికి ఆరే. అంటే మా సెలవులు ఎప్పుడో ప్రభుత్వం తేదీలు వేసి చేతిలో పెడుతుంది. ఏప్రిల్ చివర్లో, ఎండలు మండేటప్పుడు. నా కూతురి పెళ్ళి మాఘంలో ముహూర్తం కుదిరింది. వేసవి దాకా ఆగమని పంతులుగారిని అడగలేం కదా. ఉన్న ఈఎల్‌లు, సీఎల్‌లు అన్నీ కలిపి గుచ్చి పెట్టాను. ఇక వేసవిలో ఎన్నికల డ్యూటీయో, జనాభా లెక్కలో పడితే ఆ సెలవూ సెలవు కాదు. దానికి బదులు ఈఎల్ జమ చేయించుకోవడానికి మళ్ళీ ఆఫీసు చుట్టూ తిరగాలి.

ఫైళ్ళమూర్తి
టీచరమ్మ గారు చెప్పినదానికి ఇంకొకటి. ప్రభుత్వ నియమాల్లో ఫండమెంటల్ రూల్ 67 అని ఉంది. సెలవును హక్కుగా అడగడానికి లేదు, ప్రజా సేవ అవసరమైతే అధికారి నిరాకరించవచ్చు, రద్దు చేయవచ్చు అంటుంది. ప్రైవేటువాళ్ళు చేసేది ప్రభుత్వం ముందే రాసి పెట్టుకుంది.

ఉండబట్టలేక_ఉమ
అయితే టీచర్ గారికి సారీ.

స్లౌ_సుబ్బు
ఇంగ్లండ్‌లో మాక్కూడా క్రిస్మస్ షట్‌డౌన్ కోత ఉంది, కాకపోతే రూలు రాసి ఉంది. ఏడాదికి 5.6 వారాలు, అంటే వారానికి ఐదు రోజులు పనిచేసేవాళ్ళకి 28, బ్యాంకు హాలిడేలు కూడా అందులోనే కలపొచ్చు. యజమాని "ఈ తేదీల్లో లీవు తీసుకో" అనొచ్చు. అయితే ఎన్ని రోజులు తీసుకోమంటాడో దానికి రెట్టింపు రోజుల ముందు చెప్పాలి. ఐదు రోజుల షట్‌డౌన్‌కి పది రోజుల ముందు నోటీసు. నేను అడిగినా అదే లెక్క. వాడు కాదనాలంటే లీవు ఎన్ని రోజులో కనీసం అన్ని రోజుల ముందు కాదనాలి. అధికారం వాడిదే, కానీ గడియారం ఇద్దరికీ ఉంది.

మా దగ్గర షట్‌డౌన్ తేదీలు జనవరిలోనే చెప్పేస్తారు. అందుకే ఎవరూ తిట్టుకోరు. సంక్రాంతి మాత్రం వీడియో కాల్లోనే.

డాలస్_బావ
మీరు నయం. అమెరికాలో జీతంతో సెలవు ఇవ్వాలని ఫెడరల్ చట్టమే లేదు. ఒక్క రోజు కూడా. ఇచ్చేదంతా కంపెనీ దయ. కాలిఫోర్నియాలో మాత్రం సంపాదించిన వెకేషన్ జీతంతో సమానం, ఏడాది చివర మాయం చేయడానికి లేదు. పోగయ్యేదానికి ఒక హద్దు పెట్టుకోవచ్చు, అంతే. అక్కడ కూడా ఎప్పుడు తీసుకోవాలో చెప్పే అధికారం కంపెనీదే.

నేను ఉన్నది టెక్సాస్. మాది "అన్‌లిమిటెడ్" సెలవుల కంపెనీ. చేరినప్పుడు మా ఆవిడకి గొప్పగా చెప్పా. లెక్కే లేని సెలవు అంటే పోగయ్యేది లేదు, మానేసేటప్పుడు ఇచ్చేదీ లేదు. అడిగినప్పుడల్లా మేనేజర్ మొహం చూడాలి. కిందటేడు మొత్తం తొమ్మిది రోజులు తీసుకున్నా. అందులో నాలుగు వీసా స్టాంపింగ్ కోసం, ఆ తేదీ కూడా మన చేతిలో ఉండదు.

బెంచ్_మీద_బాబు
అన్‌లిమిటెడ్ భోజనం అని బోర్డు పెట్టి రెండోసారి సాంబారు అడిగితే గుర్రుగా చూసే హోటల్.

జగిత్యాల_టు_షార్జా
ఇక్కడ మేము లీవు అనం, ఛుట్టీ అంటం. యూఏఈలో ఏడాదికి 30 రోజులు చట్టం ప్రకారం. తేదీలు కంపెనీ పెట్టొచ్చు, నెల ముందు చెప్పాలె. అయితే క్యాంపులో ఉండే మాలాంటోళ్ళు ఏటేటా రారు. టికెట్ ఖర్చు చూసుకుని రెండేళ్ళకోసారి రెండు నెలలు కలిపి వస్తం. ఫోర్‌మన్ "ప్రాజెక్టు అయిపోనీ" అని జరుపుతనే ఉంటడు. మా బిడ్డ పుట్టినప్పుడు నా ఛుట్టీ మార్చిల ఉండె, జూన్‌కి జరిగింది. నేను పోయేసరికి బోర్లపడుతున్నది. కోడిపందేల కోసం లొల్లి అనుకోకు తమ్మీ, నీ బాధ నాకు తెలుసు.

గోదారోడు_92
@జగిత్యాల_టు_షార్జా అన్నా... ఏం రాయాలో తెలియట్లేదు.

జగిత్యాల_టు_షార్జా
ఏం రాయకు. టికెట్ క్యాన్సిల్ చేయకు, అంతే.

పటాన్‌చెరు_పంచ్‌కార్డు
ఫ్యాక్టరీ సైడు నుంచి పనికొచ్చే ముక్క ఒకటి. మాకు ఫ్యాక్టరీల చట్టం 1948 ఉండేది, సెక్షన్ 79. 15 రోజుల ముందు రాతపూర్వకంగా లీవు అడగాలి, ఏడాదికి మూడుసార్లకి మించకుండా. మిగిలినవి 30 దాకా వచ్చే ఏడాదికి పోతాయి. అసలు కీలకం ఇక్కడ ఉంది: పద్ధతి ప్రకారం అడిగినా ఇవ్వకపోతే, ఆ లీవు 30 హద్దుతో సంబంధం లేకుండా ఎన్నైనా మిగులుతుంది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లో కూడా ఆ ముక్క ఉంచారు, 240 రోజుల షరతు 180కి తగ్గించారు. మా యూనియన్ పెద్దాయన ఒకటే మాట చెప్పేవాడు: "నోటితో అడగకు, కాగితం మీద అడుగు. కాదంటే కాగితం మీద కాదనిపించు." క్యాంటీన్ దగ్గర "సార్, పండక్కి..." అని నసిగితే అది అడిగినట్టు కాదు.

ఫైళ్ళమూర్తి
మంచి మాట. ఐటీవాళ్ళకి ఆ సెక్షన్ 79 నేరుగా వర్తించకపోయినా పద్ధతి పనికొస్తుంది. గోదారోడూ, పోర్టల్‌లో జనవరి 13, 14, 16కి ఇప్పుడే లీవు అప్లై చెయ్యి, బ్యాలెన్స్ లేకపోయినా. తర్వాత హెచ్‌ఆర్‌కి ఒక మెయిల్ పెట్టు. కోపం వద్దు, మూడు ప్రశ్నలు చాలు. షట్‌డౌన్ కోత మా అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో గానీ, పాలసీలో గానీ ఎక్కడ ఉంది? క్యారీ ఫార్వర్డ్ 10 అన్నారు, చట్టంలో 60 ఉంది కదా? కొత్త ఏడాది లీవుల్లోంచి మూడు అడ్వాన్సుగా ఇవ్వగలరా? మూడోది ఇచ్చేస్తారు. మొదటి రెండూ వాళ్ళకి చదవడం ఇష్టం ఉండదు కాబట్టి.

ఉండబట్టలేక_ఉమ
రేటింగ్ పోతుంది. మెయిల్ పెట్టినవాడి పేరు గుర్తుంటుంది, మార్చిలో అప్రైజల్. నేను పెట్టి చూశా. లీవు వచ్చింది, హైక్ రాలేదు. అదీ ఇదీ సంబంధం లేదన్నారు, నేనూ నమ్మినట్టు తలూపా.

కూకట్‌పల్లి_కుర్రోడు
@ఉండబట్టలేక_ఉమ నిజం. అందుకే ఒక్కడు కాకుండా టీమ్ మొత్తం పెట్టాలి. మా టీమ్‌లో 14 మంది ఒకే మెయిల్ మీద సంతకాల్లా పేర్లు రాశాం. రెండో ఏడాది షట్‌డౌన్‌లో ఐదింటికి రెండు రోజులు కంపెనీ ఖాతాలో వేసుకుంది.

మానవవనరు
మీటింగ్ అయిపోయింది. 60 ప్రశ్నకి జవాబు: మూర్తిగారు చెప్పింది కరెక్టే, చాలా కంపెనీలు దాన్ని చూడనట్టు నటిస్తాయి. ఇంకొకటి, లోపలి మాట. అడ్వాన్స్ లీవు అడిగితే మేనేజర్ దగ్గర ఆగుతుంది, హెచ్‌ఆర్ దగ్గర ఆగదు. నెగెటివ్ బ్యాలెన్స్ మా సిస్టమ్‌లో ఒక్క టిక్కు. ఎవరైనా అడిగితేనే ఆ టిక్కు ఉందని మాకూ గుర్తొస్తుంది.

బెంచ్_మీద_బాబు
టిక్కు!! మూడేళ్ళుగా సంక్రాంతికి మణికొండలో మ్యాగీ తింటున్నా నేను!!

గోదారోడు_92
అప్‌డేట్. మూర్తిగారు చెప్పినట్టే మెయిల్ పెట్టా, ఇంకో ఆరుగురి పేర్లతో. మొదటి రెండు ప్రశ్నలకి "పరిశీలిస్తున్నాం" అని జవాబు. 14, 16 అడ్వాన్సు లీవు ఇచ్చారు. 13న క్లయింట్ కాల్ ఉందట, కాబట్టి ఊరి నుంచే పని. మా ఊళ్ళో సిగ్నల్ డాబా మీదే వస్తుంది. నాన్న అప్పుడే పిట్టగోడ పక్కన గొడుగు కట్టేశాడట. డిసెంబర్ ఐదు రోజులు మాత్రం పోయినట్టే.

190_మస్టర్లు
ఏడుగురు పేర్లు రాశారా. మంచిది. ఫిట్ సెక్రటరీగా నిలబడు ఇగ.

ఉండబట్టలేక_ఉమ
మార్చిలో అప్రైజల్ ఎలా వచ్చిందో ఇదే థ్రెడ్‌లో రాయి. మర్చిపోకు.

బట్టలకొట్టు
పండక్కి నాన్నగారికి పంచెలు కొన్నావా? భోగి మధ్యాహ్నం దాకా తెరిచే ఉంటాం.

గోదారోడు_92
భీమవరం నుంచి కాకినాడ రావాలంటే మళ్ళీ ఒక పూట లీవు పెట్టాలి అన్నా.